పప్పు గింజకు బలం: పాలమూరు, నల్లగొండ చెల్కల్లో కంది, పెసర, పల్లికి ఎరువులు ఎలా వేయాలి

కంది చేనుకు ఏం ఎరువు వేశారని అడిగితే నారాయణపేట నుంచి దేవరకొండ దాకా ఎక్కువగా వినిపించే జవాబు ఒకటే: "ఎకరాకు బస్తా డీఏపీ." చేను ఎదగడానికి ఆ డై అమ్మోనియం ఫాస్ఫేట్ బస్తా పనికొస్తుంది, కాదనలేం. కానీ ఆ 50 కిలోల్లో ఉన్న పోషకాలు రెండే: 9 కిలోల నత్రజని, 23 కిలోల భాస్వరం. గంధకం లేదు, జింకు లేదు, కాల్షియం లేదు. మన చెల్కల్లో ముందుగా కరువయ్యేవి సరిగ్గా అవే. మెట్ట పంటల అంతర్జాతీయ పరిశోధన సంస్థ ఇక్రిశాట్ వాళ్లు 2000 తర్వాతి ఏళ్లలో మహబూబ్‌నగర్, నల్లగొండ, కర్నూలు జిల్లాల మెట్ట పొలాల మట్టి పరీక్షిస్తే చాలా చోట్ల గంధకం, బోరాన్, జింకు మూడూ తక్కువే ఉన్నట్టు తేలింది.

గింజకు బలం అంటే ఏమిటో ముందు తేల్చుకుందాం. 100 గ్రాముల కందిపప్పులో మాంసకృత్తులు 22 గ్రాముల దరిదాపు ఉంటాయి. అన్నంలో కొరవడే లైసిన్ వాటిలో దండిగా ఉంటుంది. మెథియోనిన్, సిస్టీన్ అనే రెండు మాత్రం తక్కువ. ఈ రెండూ గంధకం లేనిదే తయారు కావు. మట్టిలో గంధకం లేకపోతే అసలే తక్కువగా ఉన్నది ఇంకా తగ్గుతుంది.

రెండోది జింకు. దీనికి భాస్వరంతో చిక్కు ఉంది. మొక్క గింజలోకి పంపిన భాస్వరంలో ఎక్కువ భాగం ఫైటేటు రూపంలో నిల్వ ఉంటుంది. పప్పు తిన్నాక ఆ ఫైటేటు మన పేగుల్లో జింకును, ఇనుమును పట్టేసుకుని ఒంటికి అందకుండా చేస్తుంది. అవసరానికి మించి డీఏపీ వేస్తే రెండు వైపులా నష్టం: వేరు జింకును తక్కువ తీసుకుంటుంది, గింజలో ఫైటేటు పెరుగుతుంది. చేను ఏపుగా ఉంటుంది, కాత బాగుంటుంది, పప్పు మాత్రం డొల్ల.

ఎరువుతో అన్నీ మారవని కూడా ముందే అనుకోవాలి. జింకును గింజలోకి ఎక్కించడం సులువు. గంధకంతో మాంసకృత్తుల నాణ్యత మెరుగవుతుంది. మొత్తం మాంసకృత్తుల శాతం కొద్దిగానే కదులుతుంది. ఇనుము దాదాపు కదలదు, అది ఎక్కువగా రకాన్ని బట్టి ఉంటుంది.

మట్టి పరీక్షలో ఏం అడగాలి

మే నెలలో, పెంట తోలకముందే మట్టి తీయండి. ఎకరంలో వంకరటింకరగా నడుస్తూ 8–10 చోట్ల పైనున్న చెత్త పక్కకు లాగి, 15 సెంటీమీటర్ల లోతున పారతో వి ఆకారంలో గుంట చేసి, పక్క గోడ నుంచి పైనుంచి కిందిదాకా సమంగా ఒక పొర గీకండి. అన్నీ కలిపి, నాలుగు భాగాలు చేసి ఎదురెదురు రెండు తీసేస్తూ అరకిలో మిగిల్చండి. గట్టు పక్క, చెట్టు కింద, పాత పెంటకుప్ప ఉన్న చోట మాత్రం తీయొద్దు.

దీన్ని ఏఈఓ (వ్యవసాయ విస్తరణ అధికారి) ద్వారా గానీ, పాలెం, కంపాసాగర్, మదనాపురం, గడ్డిపల్లి కృషి విజ్ఞాన కేంద్రాల్లో మీకు దగ్గరగా ఉన్న చోట అడిగి గానీ పంపండి. ఇచ్చేటప్పుడు నోరు తెరిచి ఈ మాట చెప్పాలి: "ఎన్‌పీకే ఒక్కటే కాదు, గంధకం, జింకు, బోరాన్, ఇనుము కూడా చూడండి." చెప్పకపోతే చాలాసార్లు నత్రజని, భాస్వరం, పొటాష్ (ఎన్‌పీకే) మూడు అంకెల చీటీయే చేతికొస్తుంది, పప్పు పంటకు దాంతో సగం పనే అవుతుంది. చీటీలో జింకు 0.6, గంధకం 10, బోరాన్ 0.5, ఇనుము 4.5 పీపీఎం (కిలో మట్టిలో మిల్లీగ్రాములు) కంటే తక్కువ ఉంటే లోపం ఉన్నట్టే. భాస్వరం "ఎక్కువ" అని వస్తే సంతోషించండి, ఆ మేరకు బస్తాలు తగ్గించి ఆ డబ్బుతో జింకు కొనొచ్చు.

బస్తాల లెక్క

కందికి, పెసరకు, మినుముకు, శనగకు సిఫార్సు ఒకటే అనుకోవచ్చు: ఎకరాకు 8 కిలోల నత్రజని, 20 కిలోల భాస్వరం. ఆ 20 కిలోల భాస్వరాన్ని ఏ బస్తాతో ఇస్తామన్నదే అసలు సంగతి.

సింగిల్ సూపర్ ఫాస్ఫేట్ బస్తాలో (50 కిలోలు) భాస్వరం 8 కిలోలు, గంధకం ఐదున్నర కిలోలు, కాల్షియం 10 కిలోలు ఉంటాయి. రెండున్నర బస్తాలు వేస్తే 20 కిలోల భాస్వరంతో పాటు దాదాపు 14 కిలోల గంధకం, 25 కిలోల కాల్షియం అందుతాయి. నత్రజని కోసం 17–18 కిలోల యూరియా కలుపుకోండి, ఇప్పుడొచ్చే 45 కిలోల బస్తాలో సగం కూడా కాదు. మెట్ట కందికి మేం మొదట చెప్పేది ఈ జోడీనే.

సూపర్ వద్దనడానికి రైతులు చెప్పే కారణం బరువు. ఒక బస్తా మోసేచోట రెండున్నర మోయాలి, ఆటో కిరాయి, కూలీ. అది నిజమే. అలాంటప్పుడు డీఏపీయే వేయండి, కానీ దాంతో పాటు ఎకరాకు 80 కిలోల జిప్సం (గంధకం, కాల్షియం ఉన్న ఖనిజం) ఆఖరి దుక్కిలో చల్లాలి. గంధకం లెక్క అటూ ఇటుగా సరిపోతుంది. జిప్సం లేకుండా డీఏపీ ఒక్కటే వేస్తే మాత్రం అదే పాత కథ.

20–20–0–13 (నత్రజని, భాస్వరం, పొటాష్, గంధకం శాతాలు) బస్తాలో గంధకం ఉంది కదా అని కొందరు రెండు బస్తాలు వేస్తున్నారు. గంధకం 13 కిలోలు వస్తుంది, బాగానే ఉంది. నత్రజని కూడా 20 కిలోలు పడిపోతుంది, చిక్కంతా అక్కడే. విత్తిన నెలలోపు మట్టిలో అంత నత్రజని కనబడితే వేర్ల మీద బుడిపెలు సరిగా కట్టవు. దొరికేదాన్ని వదిలి కష్టపడి గాలిలోంచి తీసుకోవడం మొక్కకు మాత్రం ఎందుకు? ఆ బస్తా మక్కకు, పత్తికి పెట్టండి.

మట్టి చీటీలో భాస్వరం ఎక్కువ అని ఉంటే సూపర్ బస్తాన్నరకు దించండి. అప్పుడు గంధకం 8 కిలోలకు పడిపోతుంది కాబట్టి 40 కిలోల జిప్సం కలుపుకోవాలి.

ఎక్కడ వేస్తారన్నది ఎంత వేస్తారన్నదానికి తక్కువేం కాదు. ఎర్రచెల్కలో భాస్వరం చల్లితే మట్టిలోని ఇనుము, అల్యూమినియం దాన్ని పట్టేస్తాయి, నల్లరేగడిలో ఆ పని సున్నం చేస్తుంది. ఎరువు, విత్తనం వేరువేరు గొట్టాల్లో పడే గొర్రు లేదా సీడ్ డ్రిల్ ఉంటే విత్తనానికి రెండు అంగుళాల పక్కన, రెండు అంగుళాల కింద పడేట్టు పెట్టండి. విత్తనంతో కలిపి ఒకే గొట్టంలో పోస్తే యూరియా ఘాటుకు మొలక మాడుతుంది. యాసంగి శనగకైతే ఎరువు ఇంకొంచెం లోతుగా పడాలి. అలంపురం వైపు రేగళ్లలో పై నాలుగు అంగుళాలు నవంబరుకల్లా ఎండిపోతాయి, ఎండిన మట్టిలోని ఎరువు బస్తాలో ఉన్నా ఒకటే, చేలో ఉన్నా ఒకటే.

పత్తిలో కంది సాళ్లు వేసేవాళ్లకు ఒక మాట. మునుగోడు, దేవరకొండ వైపు ఇది మామూలే: ఆరో, ఎనిమిదో సాళ్లు పత్తి, ఒక సాలు కంది. పత్తికి యూరియా పైపాటుగా వేసేటప్పుడు కూలీలు వరసగా వేసుకుంటూ పోతారు, కంది సాలుకూ పడుతుంది. పడనీయొద్దు. అక్కడ యూరియా పడితే చెట్టు గుబురుగా ఎదిగి, పూత ఆలస్యమై, ఆ పచ్చదనానికి పురుగు కూడా ఎగబడుతుంది.

పెంట, గొర్రెల మంద

చెల్కల్లో సేంద్రియ పదార్థం ఎప్పుడూ తక్కువే, జింకు నిలవకపోవడానికి అదొక కారణం. ఎకరాకు రెండు టన్నుల మాగిన పెంట అందితే చాలా మేలు. దొరక్కపోతే మన జిల్లాల్లో ఉన్న సౌకర్యం గొర్రెల మంద. ఎండాకాలంలో మంద కట్టించే అలవాటు ఇంకా ఉంది. కట్టించాక వారం లోపల ఒక సాలు దున్నండి. ఎండకు వదిలేస్తే నత్రజని గాలికి పోతుంది. మంద కట్టిన చేలో మొదటి ఏడు యూరియా పూర్తిగా మానేయొచ్చు.

జింకు: ఎప్పుడు, దేనితో, దేనితో కాదు

లోపం ఉంటే ఎకరాకు 20 కిలోల జింకు సల్ఫేటు (21 శాతం రకం). 33 శాతం రకమైతే 12–13 కిలోలు చాలు. ఒకసారి వేస్తే రెండు మూడేళ్లు పనిచేస్తుంది, ఏటా వేయక్కర్లేదు. నాగార్జునసాగర్ ఆయకట్టులో వరికి జింకు వేసి, తర్వాత అదే మడిలో పెసర విత్తేవాళ్లు మళ్లీ వేయొద్దు, వరికి వేసిందే మిగిలి ఉంటుంది.

చల్లే ముందు 200 కిలోల మాగిన పెంటలో జింకు సల్ఫేటు కలిపి, తడిపి, నీడలో కుప్ప పోసి పక్షం రోజులు ఉంచండి. రెండు మూడు రోజులకోసారి నీళ్లు చిలకరించాలి. ఆఖరి దుక్కికి ముందు చల్లి దున్నేయాలి. ఇలా చేస్తే జింకు పెంటలోని పదార్థాలను అంటిపెట్టుకుని, మట్టి దాన్ని గబుక్కున పట్టేయకుండా వేరుకు నెమ్మదిగా అందుతుంది.

డీఏపీతో, సూపర్‌తో జింకు సల్ఫేటును ఎప్పుడూ కలపొద్దు. ఎందుకో ఇంట్లోనే చూడొచ్చు. రెండు గాజు గ్లాసులు తీసుకోండి. ఒకదాంట్లో చెంచాడు డీఏపీ వేసి నీళ్లు పోసి కలిపి, అడుగుకు దిగాక పైతేట వంచుకోండి. రెండోదాంట్లో చెంచాడు జింకు సల్ఫేటు కరిగించండి. ఇప్పుడు రెండోదాన్ని మొదటిదాంట్లోకి మెల్లగా పోయండి. అప్పటిదాకా తేటగా ఉన్న నీళ్లు పాలు విరిగినట్టు అవుతాయి. తెల్లటి చిక్కటి తరకలు కడతాయి, కాసేపటికి అడుగున ముద్దగా దిగుతాయి. ఆ ముద్దే జింకు ఫాస్ఫేటు, అంత తేలిగ్గా కరగదు. ఒకే గొట్టంలో కలిపి పోస్తే మీ చేలో జరిగేదీ ఇదే, కాకపోతే మట్టి కప్పేసి ఉంటుంది కాబట్టి కనబడదు. జింకు దుక్కిలో, భాస్వరం విత్తేటప్పుడు సాలులో పడాలి. మధ్యలో కనీసం మూడు రోజులు ఎడం ఉంచండి.

ఇదే పరీక్ష ఇంకో పనికీ వస్తుంది. జింకు సల్ఫేటు పేరుతో మెగ్నీషియం సల్ఫేటు అంటగట్టే వాళ్లున్నారు. రెండూ తెల్లగానే, పలుకులుగానే ఉంటాయి. డీఏపీ తేటలో పోస్తే జింకుకు చిక్కటి తరకలు కడతాయి, మెగ్నీషియానికి అలా కట్టవు. తరకలు కట్టకపోతే బస్తాను, రసీదును దగ్గర పెట్టుకుని ఏఈఓకు చూపించండి. కొన్న రోజే చేయండి, చల్లాక చేసినా లాభం లేదు.

బోరాన్ తక్కువుంటే ఎకరాకు 2 కిలోల బోరాక్స్, ఒక తట్ట ఇసుకలో కలిపి సమంగా చల్లాలి. అంతకు మించొద్దు. బోరాన్‌లో చాలినదానికీ విషమయ్యేదానికీ మధ్య దూరం బహు తక్కువ. "ఇంకో కిలో పోద్దాం" అనే చెయ్యి ఇక్కడ మొలకల్ని చంపుతుంది.

విత్తనానికి రైజోబియం

రైజోబియం అంటే వేర్ల బుడిపెల్లో ఉండి గాలిలోని నత్రజనిని మొక్కకు అందించే బ్యాక్టీరియా. ఖర్చు లెక్కన చూస్తే ఇంతకన్నా చౌకైన ఎరువు లేదు, అయినా ఎక్కువ మంది దాటేసేది ఇదే. 100 మిల్లీలీటర్ల నీళ్లలో 10 గ్రాముల బెల్లం వేసి పది నిమిషాలు మరగబెట్టి, పూర్తిగా చల్లార్చండి. వేడిగా ఉండగా కలిపితే బ్యాక్టీరియా అక్కడికక్కడే చస్తుంది. చల్లారిన పానకాన్ని 8 కిలోల విత్తనం మీద చిలకరించి, 200 గ్రాముల రైజోబియం పొడి చల్లి, గింజ గింజకూ నల్లటి పూత పట్టేలా పాలిథీన్ సంచిలో ఊపండి. నీడలో గంటసేపు ఆరబెట్టి అదే రోజు విత్తేయాలి.

కందికి, పెసరకు, మినుముకు, అలసందకు, పల్లికి దగ్గరి జాతి బ్యాక్టీరియా పనిచేస్తుంది. శనగకు వేరే జాతి కావాలి. కంది ప్యాకెట్ శనగకు వాడితే పొడి ఖర్చు దండగ. ప్యాకెట్ మీద పంట పేరు, గడువు తేదీ చూడండి. దుకాణంలో ఎండ తగిలే అరమీద పెట్టిన ప్యాకెట్ గడువు ఉన్నా తీసుకోవద్దు.

విత్తనశుద్ధి మందులతో తంటా ఉంది. ముందు శిలీంధ్రనాశని, అది ఆరాక పురుగుమందు, ఆఖర్న రైజోబియం. ఈ వరస తిరగేస్తే పెట్టిన బ్యాక్టీరియాను మీ చేత్తోనే చంపినట్టు. మందు పట్టించడం ముందురోజు, రైజోబియం విత్తే రోజు పెట్టుకుంటే నిశ్చింత. పల్లి గింజలకు సంచిలో ఊపడం పనికిరాదు, పొట్టు లేస్తుంది. వెడల్పాటి పళ్లెంలో పోసి వేళ్లతో మెల్లగా తిప్పాలి.

బుడిపెలు కోసి చూడటం

పెసర 25–30 రోజులకు, కంది 35 రోజులకు వచ్చినప్పుడు చేలో ఐదు చోట్ల ఒక్కో మొక్కను తీసి చూడండి. పీకొద్దు. పీకితే బుడిపెలు తెగి మట్టిలోనే ఉండిపోతాయి, "బుడిపెలే లేవు" అనుకుంటారు. పారతో చుట్టూ తవ్వి, మట్టిగడ్డతో సహా ఎత్తి, బకెట్ నీళ్లలో నానబెట్టి మెల్లగా ఆడించండి.

ఇప్పుడు ఒక బుడిపెను గోటితో చీల్చండి. లోపల దానిమ్మ గింజ రంగో, లేత గులాబీ రంగో ఉంటే అది పనిలో ఉన్నట్టు. ఆ ఎరుపు లెగ్‌హీమోగ్లోబిన్‌ది, మన రక్తంలోని దానికి చుట్టమే. తెల్లగా గట్టిగా ఉంటే ఇంకా పని మొదలుపెట్టలేదు, లేదా అది పనికిరాని జాతి. ఆకుపచ్చగా, గోధుమ రంగుగా మెత్తబడి ఉంటే దాని పని అయిపోయింది. తల్లివేరు చుట్టూ పెద్దవి కనబడితే మనం పట్టించిన రైజోబియం అందుకుందని ఒక గుర్తు. పక్క వేర్ల చివర్లలో ఆవగింజల్లాంటివే ఉంటే మట్టిలో ముందునుంచీ ఉన్న నీరసం జాతి కావచ్చు.

బుడిపెలు తెల్లగా ఉంటే కారణం వెతకండి. నీళ్లు నిలిచాయా? వేరుకు గాలి ఆడకపోతే బుడిపె పనిచేయదు, కాలువ తీయండి. యూరియా ఎక్కువైందా? దానికిప్పుడు చేసేదేం లేదు, ఇంక వేయకుండా ఉండటమే. అసలు బుడిపెలే లేకుండా మొక్క పాలిపోతే లీటరుకు 20 గ్రాముల యూరియా కలిపి పది రోజుల ఎడంతో రెండుసార్లు పిచికారీ చేయాలి. ఈ ఏటికి ఆకలి తీరుతుంది. వచ్చే ఏడు మాత్రం రైజోబియం మరవొద్దు.

పూతలో, పిందెలో పిచికారీ

మట్టిలో వేసిన జింకు మొక్కను నిలబెడుతుంది. గింజలోకి ఎక్కేది ఎక్కువగా పూత తర్వాత ఆకు మీద పడ్డదే. గింజ నిండే రోజుల్లో ఆకులోని సరుకంతా కాయ వైపు కదులుతుంది, దాంతో పాటే జింకు పోతుంది. అందుకే రోజు లెక్క చూసుకోవాలి. జూలైలో వేసిన మధ్యకాలిక కందికి పూత నిండుగా ఉన్నప్పుడు ఒకటి, పిందె పడ్డాక 15 రోజులకు రెండోది. పెసరకు, మినుముకు 35–40 రోజుల మధ్య ఒకటి, గింజ పాలుపోసుకునే వేళ ఇంకొకటి.

మోతాదు ఇలా: లేత దశలో లోపం సరిదిద్దాలంటే లీటరుకు 2 గ్రాముల జింకు సల్ఫేటు చాలు. గింజకు పట్టించాలంటే 5 గ్రాములు కావాలి. ఎకరా కందికి 200 లీటర్ల నీళ్లు పడతాయి, అంటే కిలో జింకు సల్ఫేటు. 16 లీటర్ల పంపుకు 80 గ్రాములు. అంచనాతో గుప్పెడు పోయొద్దు, వంటింటి చిన్న తక్కెడ తెచ్చుకుని పొట్లాలు కట్టుకోండి. ఈ మోతాదులో లేత ఆకుల అంచులు మాడే భయం ఉంది కాబట్టి పంపుకు 40 గ్రాముల సున్నాన్ని ముందురోజు రాత్రి నీళ్లలో నానబెట్టి పైతేట వడగట్టి కలుపుతారు. వడగట్టకపోతే నాజిల్ మూసుకుపోయి సగం రోజు దాన్ని ఊదుకుంటూ కూర్చోవాలి. సున్నం బెడద వద్దనుకుంటే 12 శాతం చిలేటెడ్ జింకు (విరిగిపోకుండా కట్టిపెట్టిన రకం) లీటరుకు ఒక గ్రాము కొట్టండి, ఖరీదెక్కువ, పని తేలిక. ఏదైనా ముందు పది చెట్ల మీద కొట్టి రెండు రోజులు ఆగి చూడండి.

సాయంత్రం నాలుగు దాటాక కొట్టండి. ఎండలో నీరు ఆరిపోయి ఉప్పు మిగిలి ఆకును కాలుస్తుంది. పైగా పొద్దున పూత మీద తేనెటీగలు తిరుగుతుంటాయి.

పూత సమయంలో మరుకా (పూతను, కాయను తినే) పురుగుకు మందు కొట్టక తప్పదు, ఆ ట్యాంకులోనే జింకు కూడా కలిపేద్దామని అనిపిస్తుంది. కలపకుండా ఉంటేనే మంచిది. తప్పదంటే ముందు సీసాలో అదే పాళ్లలో కలిపి అరగంట చూడండి, విరిగినా అడుగున దిగినా ట్యాంకులో కలపొద్దు. నత్రజని, భాస్వరం, పొటాష్ సమంగా ఉన్న 19–19–19తో గానీ, నానబెట్టిన డీఏపీ తేటతో గానీ జింకు అసలు కలపొద్దు, గ్లాసు పరీక్ష గుర్తు చేసుకోండి. యూరియాతో కలపొచ్చు. లీటరుకు 10 గ్రాములు కలిపితే జింకు ఆకులోకి ఇంకడం మెరుగవుతుంది.

పల్లికి వేరే దారి

వనపర్తి, నాగర్‌కర్నూల్, గద్వాల వైపు యాసంగి పల్లికి ఎరువు లెక్క వేరు, ఎందుకంటే దాని కాయ తీరే వేరు. మిగతా పంటల్లో కాల్షియం వేరు నుంచి నీళ్లతో పాటు పైకెక్కి కాయకు చేరుతుంది. పల్లిలో ఊడ భూమిలోకి దిగాక కాయ మట్టిలో ఉంటుంది, ఆవిరి పోదు, అందుకని వేరు నుంచి కాల్షియం రాదు. కాయే తన చుట్టూ ఉన్న రెండు మూడు అంగుళాల మట్టిలోంచి పీల్చుకోవాలి. ఆ మట్టిలో కరిగే కాల్షియం లేకపోతే చెట్టు ఎంత బాగున్నా లొట్ట కాయలే. గింజలో ముక్కు నల్లబడి, విత్తనానికి పెట్టుకుంటే మొలవదు.

కాబట్టి దుక్కిలో ఎకరాకు 100 కిలోల సూపర్, 33 కిలోల మ్యూరేట్ ఆఫ్ పొటాష్, 18 కిలోల యూరియా. తర్వాత ఊడలు దిగే వేళ, 40–45 రోజులకు, ఆఖరి కలుపు తీసి ఎకరాకు 200 కిలోల జిప్సం. చెట్టు మొదళ్ల దగ్గర సాలు వెంట వేసి, పైపైన మట్టిలో కలిసేలా ఎగదోసి, తేలికపాటి తడి ఇవ్వండి. చేనంతా చల్లితే సాళ్ల మధ్య పడ్డది కాయకు అందదు. 45 రోజులు దాటాక గుంటుక దించొద్దు, ఊడలు తెగుతాయి. పొటాష్ దుక్కిలోనే వేయాలనడానికి కారణం ఉంది: ఊడల దగ్గర పొటాష్ ఎక్కువైతే కాల్షియాన్ని తోసేసి తను కాయలోకి పోతుంది, లొట్టలు పెరుగుతాయి. మధ్యలో పొటాష్ పైపాటు వేయమని ఎవరు చెప్పినా వినొద్దు.

జిప్సంలోని గంధకం నూనె శాతానికీ మంచిదే. బోరాన్ తక్కువైన చోట పప్పు చీలిస్తే లోపల గుంటపడి గోధుమ రంగు మచ్చ కనిపిస్తుంది, దానికి పైన చెప్పిన బోరాక్సే మందు. కాల్షియం తక్కువై, చివర్లో నీటి ఎద్దడి కూడా తగిలితే అఫ్లాటాక్సిన్ బూజుకు దారి దొరుకుతుంది. అందుకే జిప్సం వేసినవాళ్లు కూడా కోతకు ముందు మూడు నాలుగు వారాల్లో చేనును ఎండగట్టకూడదు.

పల్లి లేత ఆకులు ఈనెలు పచ్చగా ఉండి మధ్యలో పసుపెక్కి, తర్వాత పేపరులా తెల్లబడితే ఇనుము లోపం. సున్నం పాలున్న నేలల్లో, ఉప్పుబోరు కింద ఎక్కువ. అన్నభేదిని (ఫెర్రస్ సల్ఫేటు) మట్టిలో వేస్తే తుప్పుపట్టి పోతుంది, ఆకు మీదే కొట్టాలి: లీటరుకు 5 గ్రాముల అన్నభేది, ఒక గ్రాము నిమ్మ ఉప్పు (సిట్రిక్ యాసిడ్), వారం ఎడంతో రెండు మూడుసార్లు. నిమ్మ ఉప్పు ముందు నీళ్లలో కరిగించి, తర్వాతే అన్నభేది వేయండి. ఈ వరస నల్లగొండ వైపు మరీ ముఖ్యం. ఫ్లోరైడ్ ఎక్కువున్న చోట్ల బోరు నీళ్లలో సాధారణంగా బైకార్బొనేట్ కూడా ఎక్కువే. ఆ నీళ్లలో నేరుగా అన్నభేది వేస్తే నిమిషాల్లో లేత ఆకుపచ్చ నుంచి తుప్పు రంగుకు మారుతుంది. తుప్పు రంగొచ్చిన నీళ్లు కొట్టి లాభం లేదు, పారబోయండి. కుంట నీళ్లు, వాన నీళ్లు దొరికితే అవే వాడండి.

కోశాక

ఇంత చేసి పప్పును మిల్లులో పోగొట్టుకోవద్దు. కంది గింజలో కాల్షియం పొట్టులో ఎక్కువ, మాంసకృత్తులు, ఇనుము పప్పు బద్ద పైపొరల్లో ఎక్కువ. అద్దంలా మెరిసేదాకా పాలిష్ పట్టిస్తే తవుడులోకి పోయేది ఆ పైపొరే. ఇంటికి వాడుకునేది ఒక్క పట్టుతో ఆపేయమనండి, చూపుకు గరుకుగా ఉన్నా సరే. పెసర్లు, ఉలవలు, అలసందలు నానబెట్టి మొలకెత్తిస్తే ఫైటేటు తగ్గుతుంది, చేలో ఎక్కించిన జింకు అప్పుడు ఒంటికి బాగా పడుతుంది.

తేడా తెలుసుకోవాలంటే

చేనంతా ఒకేలా చేస్తే ఏది పనిచేసిందో ఎప్పటికీ తెలియదు. ఒక పక్కన ఆరు సాళ్లకు మీ పాత పద్ధతి, బస్తా డీఏపీ, అలాగే వదిలేయండి. గుర్తుకు గట్టు మీద రాయి పాతండి. కోత వేళ రెండు వైపులా నడి సాళ్ల నుంచే కాయలు తెంపండి, అంచువి వద్దు. విడివిడిగా ఎండబెట్టి, రెండు వైపుల నుంచీ వందేసి గింజలు లెక్కపెట్టి తూచండి. బరువులో తేడా కొద్దిగానే ఉండొచ్చు. అసలు తేడా తూకంలో కనబడదు కాబట్టి, ఒక్కో వైపు నుంచి పావుకిలో గింజలు గుడ్డ సంచుల్లో కట్టి, ధాన్యంలో మాంసకృత్తులు, జింకు చూసే ల్యాబుకు పంపించండి. రెండు సంచుల మీదా చేను పేరు కాకుండా ఒకటి, రెండు అని మాత్రమే రాయండి, ఏది ఏదో మీ డైరీలో ఉంచుకోండి.